సగం సైజు మిలీనియం ఫాల్కన్: చిన్న భాగాలు సొంతంగా చేసుకోవడం ఎలా

స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌక మిలీనియం ఫాల్కన్‌కి మోడల్ చేద్దామనుకునేవాళ్లు ముందుగా ఆ గుండ్రటి బాడీ గురించే ఆలోచిస్తారు. బాడీ నిజానికి సులువైన పని, రెండు వారాంతాల్లో నిలబడుతుంది. నెలలు తీసుకునేది దాని మీద అతికించి ఉన్న చిన్న చిన్న ముక్కలు: గొట్టాలు, పెట్టెలు, జాలీలు, చక్రాల్లాంటివి, ఏమిటో పేరు కూడా తెలియనివి. అవి సరిగ్గా కుదిరితే బాడీలో చిన్న తేడా ఉన్నా ఎవరికీ కనిపించదు. అవి కుదరకపోతే మాత్రం బాడీ ఎంత బాగా వచ్చినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ ఆ ముక్కల గురించి మాత్రమే రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. సినిమాలో కనిపించే ఫాల్కన్ కూడా ఒక మోడలే, కాబట్టి మనం చేస్తున్నది మోడల్‌కి మోడల్. 1975లో ఆ సినిమాకి ట్రిక్ షాట్లు తీసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కంపెనీ వాళ్లు లాస్ ఏంజెలెస్ పక్కన వాన్ నైస్‌లో ఒక గోడౌన్‌లో పని మొదలుపెట్టినప్పుడు, గ్రాంట్ మెక్‌క్యూన్ నడిపిన మోడల్ షాపులో ఆ ముక్కలన్నీ కొత్తగా చెక్కలేదు. బజార్లో దొరికే, భాగాలు అతికించి బొమ్మ చేసుకునే ప్లాస్టిక్ కిట్లు పెట్టెలకు పెట్టెలు తెచ్చారు. జర్మన్ ట్యాంకులు, ఫార్ములా వన్ కార్లు, రైలు మీద నడిచే ఫిరంగులు, రాకెట్లు. వాటి భాగాలు తీసి, తిప్పి, కోసి, కంటికి నచ్చిన చోట అతికించారు. దీన్నే కిట్‌బ్యాషింగ్ అంటారు, అతికించిన ముక్కల్ని గ్రీబ్లీలు అంటారు. అంటే ఫాల్కన్ మీద కనిపించే చాలా బుడిపెలు ఒకప్పుడు ఏదో కిట్ పెట్టెలో ఉన్నవే, దానికి ఫ్యాక్టరీలో నిర్ణయమైన కొలత ఒకటి ఉంది. ఆ బుడిపె అంతరిక్ష నౌకలో ఏ పని చేస్తుందో ఊహించుకుంటూ కూర్చుంటే తప్పుదారి పడతాం. అది ఏ ట్యాంకు చక్రమో, ఏ కారు ఇంజన్ మూతో కనిపెడితే కొలత దానంతట అదే వస్తుంది. నేను మొదటి ఆరు నెలలు ఇది తెలియకుండానే పని చేశాను. అప్పుడు చేసిన ముక్కలన్నీ తర్వాత మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఏ ఫాల్కన్?

ఫాల్కన్ ఒకటి కాదు. 1977 నాటి మొదటి సినిమాకి చేసింది అయిదు అడుగుల మోడల్. అది బరువు, కెమెరా ముందు వేగంగా మలుపులు తిప్పడానికి కుదిరేది కాదు. అందుకే 1980లో వచ్చిన రెండో సినిమా కోసం 32 అంగుళాల చిన్న మోడల్ చేశారు. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి, దగ్గరికి వెళ్తే ముక్కలు వేరు, అమరిక వేరు. మొదటి సినిమాలో కిందవైపు ల్యాండింగ్ గేర్ పెట్టెలు మూడు, రెండో సినిమాకి వచ్చేసరికి అయిదు. అయిదు అడుగుల మోడల్‌కి కూడా ఆ రెండు పెట్టెలు తర్వాత కలిపారు. కాబట్టి ఒక ఫొటో 1976లో తీసిందా, 1980 తర్వాత తీసిందా అన్నది మీ పనికి చాలా ముఖ్యం. మోడళ్లు షూటింగ్‌లో దెబ్బ తింటాయి, ముక్కలు ఊడతాయి, ఎవరో రిపేరు చేస్తారు. ఏ మోడల్, ఏ సంవత్సరం నాటి స్థితి అన్నది ఒక కాగితం మీద రాసి పని బల్ల ముందు అంటించుకోండి. రెండు మోడళ్ల ఫొటోలు కలిపేసుకుంటే, ఒక్కో ముక్క విడిగా సరిగ్గానే ఉన్నా మొత్తం చూస్తే ఎక్కడా లేని ఫాల్కన్ తయారవుతుంది.

నేను ఎంచుకున్నది 32 అంగుళాల మోడల్, దానికి సరిగ్గా సగం సైజు. అసలుది సుమారు 81 సెంటీమీటర్లు, నాది 40.5. అసలు మోడల్ ఎంత ఉందో అంతే సైజులో చేస్తే దాన్ని స్టూడియో స్కేల్ అంటారు, అప్పుడు అదే పాత కిట్ కొని అదే భాగం అతికించవచ్చు. కానీ ఆ పాత కిట్లు దొరకడం కష్టం, దొరికినా ధర మనకి అందదు, పైగా ఒక్క ముక్క కోసం మొత్తం కిట్ కొనాలి. సగం సైజులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. 1/35 (అంటే అసలు ట్యాంకులో 35వ వంతు) ట్యాంకు కిట్ ముక్క అసలు మోడల్ మీద ఉంటే, అదే ట్యాంకు 1/72 కిట్‌లో ఆ ముక్క దాదాపు సగం ఉంటుంది. 35ని 72తో భాగిస్తే 0.486. చిన్న ముక్కల్లో ఆ తేడా కంటికి ఆనదు. 1/12 రేసు కారు భాగానికి 1/24 కారు కిట్, 1/72 భాగానికి 1/144 కిట్ సరిగ్గా సగం. 1/72 ట్యాంకు కిట్లు చిన్నవి, చవక. అలా దొరికినవి దొరకగా, మిగిలినవన్నీ ప్లాస్టిక్ షీటు నుంచి సొంతంగా చేయాల్సినవే.

కొలత తీయడం

ఇక్కడ తొందరపడకండి. చాలామంది సినిమాని ఆపి, ఆ ఫ్రేము మీద కొలుస్తారు. నేనూ అదే చేశాను. సినిమా ఫ్రేములు ఈ పనికి పనికిరావు, దానికి కారణం కూడా ఉంది. ఆ షాట్లు మోషన్ కంట్రోల్ పద్ధతిలో తీశారు. అంటే ప్రతి ఫ్రేముకి షట్టర్ తెరిచి ఉండగానే కెమెరా కదులుతూ ఉంటుంది, అప్పుడే తెర మీద కదలిక నిజంలా మసకబారి కనిపిస్తుంది. చూడ్డానికి అద్భుతం, కొలవడానికి ఆ మసకే శత్రువు. దాని మీద కొలిచి చేసిన నా మొదటి జాలీ ఫ్రేములు మిల్లీమీటరు పెద్దవి వచ్చాయి, అదీ ఒక వైపే. 12 మిల్లీమీటర్ల వస్తువులో ఒక మిల్లీమీటరు అంటే చాలా పెద్ద తప్పు. మోడల్ కదలకుండా ఉన్నప్పుడు తీసిన ఫొటోలు, అంటే ఎగ్జిబిషన్లలో తీసినవి, షాపులో తయారవుతుండగా తీసినవి మాత్రమే కొలతకి వాడండి. సినిమా ఫ్రేముల్ని వెలుగు, రంగు చూసుకోవడానికి ఉంచుకోండి.

ఫొటోలో మీకు ఖచ్చితంగా తెలిసిన ఒక కిట్ భాగాన్ని పట్టుకోండి. అదే మీ స్కేలు. ఉదాహరణకి ఒక ఫొటోలో 1/35 పాంథర్ ట్యాంకు రోడ్ వీల్ గుర్తుపట్టారు అనుకుందాం. అసలు ట్యాంకు మీద ఆ చక్రం వ్యాసం 860 మిల్లీమీటర్లు, 35తో భాగిస్తే 24.6. ఫొటోలో అది 410 పిక్సెళ్లు వచ్చిందంటే, ఒక పిక్సెల్ 0.06 మిల్లీమీటరు. పక్కనే ఉన్న పేరు తెలియని పెట్టె పొడవు 95 పిక్సెళ్లు ఉంటే 5.7 మిల్లీమీటర్లు, సగం సైజుకి 2.85. అంతే లెక్క. కిట్ కంపెనీలు అసలు బండి కొలతల్ని కొంచెం అటూ ఇటూ చేస్తుంటాయి కాబట్టి, ఆ కిట్ మీ దగ్గరే ఉంటే లెక్క కట్టకుండా వెర్నియర్ కాలిపర్‌తో ఆ ముక్కనే కొలవండి.

ఈ లెక్క తప్పే చోట్లు రెండున్నాయి. ఒకటి దూరం. కెమెరా మోడల్‌కి మీటరు దూరంలో ఉండి, మీరు కొలిచే ముక్క మీ స్కేలు ముక్క కంటే 3 సెంటీమీటర్లు ముందుకి ఉంటే, అది 3 శాతం పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఒకే ఎత్తులో ఉన్న ముక్కల్నే పోల్చండి, ఫొటో అంచుల్లో కాకుండా మధ్యలో ఉన్నవి చూసుకోండి. రెండోది వాలు. 10 డిగ్రీల వాలులో ఉన్న ముక్కని నిలువుగా పైనుంచి చూస్తే పొడవు ఒకటిన్నర శాతం తగ్గి కనిపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. 30 డిగ్రీలైతే 13 శాతం పోతుంది, అది తప్పకుండా పట్టించుకోవాలి. పక్క గోడల మీద ఉన్న ముక్కలకి పక్కనుంచి తీసిన ఫొటో వేరే ఉండాల్సిందే. ఒకే ముక్కని రెండు ఫొటోల్లో, రెండు వేర్వేరు స్కేలు ముక్కలతో కొలిచి చూడండి. రెండూ దగ్గరగా వస్తే నమ్మండి. రాకపోతే మీరు గుర్తుపట్టిన కిట్ భాగమే తప్పు అయ్యుండొచ్చు, నాకు అలా మూడు నాలుగు సార్లు జరిగింది.

కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ముక్కకో నంబరు, చిన్న బొమ్మ, అసలు కొలత, సగం కొలత, ఏ ఫొటో నుంచి తీశారో. ఫోన్లో రాసుకుంటే చేతులకి జిగురు ఉన్నప్పుడు తెరవలేరు.

సామాను

ప్రధానమైనది స్టైరీన్ షీటు. మన దగ్గర ప్లాస్టిక్ షీట్ల షాపుల్లో హిప్స్ షీటు అని అడగండి. 0.25, 0.5, 1 మిల్లీమీటరు మందాలు ఉంటే దాదాపు అంతా అయిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి హాబీ షాపులోనే ఎవర్‌గ్రీన్ కంపెనీ స్ట్రిప్పులు, రాడ్లు, ట్యూబులు కొలతల వారీగా దొరుకుతాయి. ఇక్కడ అవి తెప్పించుకుంటే ఖర్చు ఎక్కువ, నేను సన్న ట్యూబులు మాత్రం కొని, స్ట్రిప్పులు షీటు నుంచి కోసుకున్నాను. షాపువాళ్లు ఒక్కోసారి సన్‌బోర్డ్ ఇచ్చి ఇదీ అదేనంటారు. కాదు. అది నురుగు పీవీసీ, స్టైరీన్ జిగురు దానికి పట్టదు. ఇంటికి తెచ్చాక ఒక మూల స్టైరీన్ సిమెంటు (స్టైరీన్‌ని అతికించే జిగురు) చుక్క వేసి చూడండి, వేలిముద్ర పడేంత మెత్తబడితే స్టైరీనే. పెరుగు కప్పుల అడుగున త్రికోణంలో 6 అని ఉంటే అదీ పాలీస్టైరీనే, సన్న షీటుగా బాగా పనికొస్తుంది. 5 ఉన్నవి వద్దు, వాటికి ఏ జిగురూ సరిగ్గా అంటుకోదు.

జిగురుకి టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి నీళ్లలాంటి సిమెంటు. ముక్కని పెట్టి, అంచున బ్రష్‌తో తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. ప్లాస్టిక్‌ని కరిగించి కలిపేస్తుంది కాబట్టి కిటికీ తెరిచి పని చేయండి. లోహం, ప్లాస్టిక్ కలపడానికి ఫెవిక్విక్. కోసిన స్టైరీన్ తుక్కు ఒక చిన్న సీసాలో వేసి అదే సిమెంటు పోస్తే రెండు రోజుల్లో చిక్కటి పేస్టు అవుతుంది. సందులు పూడ్చడానికి దానికి మించింది లేదు, ఎండాక అదీ ప్లాస్టిక్కే కదా, ఒకే రకంగా అరుగుతుంది.

మెడికల్ షాపు ఈ పనికి బంగారు గని. ఇంజెక్షన్ సూదులు అంటే కొలత తప్పని స్టీలు గొట్టాలు, అదీ రూపాయల్లో. 18 గేజ్ బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు, 21 గేజ్ 0.82, 22 గేజ్ 0.72, 23 గేజ్ 0.64, 26 గేజ్ 0.46. వెనక ప్లాస్టిక్ రంగు చూసి గుర్తుపట్టొచ్చు: 18 గులాబీ, 21 ఆకుపచ్చ, 22 నలుపు, 23 నీలం, 26 గోధుమ. కొత్తవే కొనండి. తెచ్చిన వెంటనే మొన కోసి ఒక గట్టి సీసాలో పడేయండి, ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, సన్న రాగి తీగ, సోల్డరు తీగ, హీట్ ష్రింక్ గొట్టం దొరుకుతాయి. సంగీత వాయిద్యాల షాపులో గిటారు తీగలు తీసుకోండి. సన్నది 0.25 మిల్లీమీటరు, చుట్టు తీగ ఉన్న లావు తీగ 1.17 దాకా ఉంటుంది. ఆ చుట్టు తీగ సగం సైజులో ముడతల రబ్బరు గొట్టంలా కనిపిస్తుంది, చేత్తో ఎవరూ అంత సమంగా చేయలేరు.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. కొత్త బ్లేడ్లతో కట్టర్, స్టీలు స్కేలు, డిజిటల్ వెర్నియర్, పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్), 0.3 నుంచి 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు, సన్న పట్టకారు, రెండు మొనలూ సూదిగా ఉండే డివైడరు, 400 నుంచి 1000 దాకా నీళ్ల ఎమరీ పేపరు. బ్లేడు మొండిగా ఉంటే ప్లాస్టిక్ అంచు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పెయింటు వేశాక తెల్లటి గీతలా కనిపిస్తుంది, అప్పుడు ఏమీ చేయలేం. కాబట్టి బ్లేడు విషయంలో పిసినారితనం వద్దు.

గుండ్రటి జాలీలు

వెనక ఇంజన్ డెక్ మీద ఆరు గుండ్రటి జాలీలుంటాయి. ఫాల్కన్ ఫొటో ఎవరు చూసినా కన్ను ముందు అక్కడికే పోతుంది కాబట్టి నేను వాటితోనే మొదలుపెట్టమంటాను. ఆరూ ఒకే సైజులో రావాలి. ఒక్కోటి విడిగా చేస్తే రావు.

1 మిల్లీమీటరు షీటు నుంచి మీ రింగు కంటే కొంచెం పెద్దగా ఆరు చదరపు ముక్కలు కోయండి. డబుల్ టేపుతో ఒకదాని మీద ఒకటి అంటించి ఒక దిమ్మలా చేయండి. మధ్యలో నిలువుగా రంధ్రం వేయండి, ముందు సన్న బిట్, తర్వాత పెద్దది, చివరికి గుండ్రటి కర్రకి ఎమరీ పేపరు చుట్టి కావలసిన లోపలి వ్యాసం దాకా. ముందు రంధ్రం, తర్వాతే బయటి ఆకారం. ఈ వరుస తిరగబడితే సన్న రింగు చేతిలోనే విరుగుతుంది. రంధ్రం అయ్యాక ఆ దిమ్మని ఒక బోల్టుకి నట్టుతో బిగించి, బోల్టుని డ్రిల్ మెషీన్‌లో పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ ఎమరీ పేపరు ఆనించండి. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ కరుగుతుంది. పది పదిహేను సెకన్లకోసారి ఆపి వెర్నియర్‌తో చూడండి. టేపు విడదీస్తే ఆరు రింగులు, ఒకదానికొకటి తేడా లేకుండా వస్తాయి.

జాలీకి నేను టీ వడపోసే స్టీలు జాలీ వాడాను. దోమతెర గళ్లు మరీ పెద్దవి. జాలీ కోసేటప్పుడు దారాలు విడిపోకుండా ముందు కోసే గీత మీద పల్చగా ఫెవిక్విక్ రాసి ఆరనివ్వండి. రింగు వెనక నుంచి అతికించాలి, ముందు నుంచి కాదు. ఆరు జాలీల్లోనూ గళ్లు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో ఫొటోతో పోల్చుకుని పెట్టండి. జాలీ కింద బాడీకి నిజంగానే రంధ్రం ఉండాలి. నలుపు పెయింటు వేసి లోతు తెప్పించడం ఈ సైజులో కుదరదు, వెలుగు పడగానే తెలిసిపోతుంది.

తుపాకులు

పైన ఒకటి, కింద ఒకటి, నాలుగేసి గొట్టాల తుపాకులు. ఇక్కడ సూదులే దిక్కు. 18 గేజ్ లోపల 22 గేజ్ సులువుగా దూరుతుంది, 21 గేజ్ దాదాపు బిగువుగా దూరుతుంది. 21 లోపల 26 దూరుతుంది. ఇలా ఒకదానిలో ఒకటి పెట్టి, ఒక్కోటి ఎంత బయటికి రావాలో కొలిచి ఫెవిక్విక్ చుక్క పెడితే మెట్లు మెట్లుగా సన్నబడే గొట్టం వస్తుంది. చివర రంధ్రం దానంతట అదే ఉంటుంది.

సూదిని కటింగ్ ప్లయర్‌తో కోయకండి, నోరు మూసుకుపోతుంది. గట్టి పలక మీద పెట్టి, బ్లేడు ఆనించి ముందుకీ వెనక్కీ దొర్లించండి. గీత పడ్డాక రెండు ప్లయర్లతో పట్టుకుని వంచితే టక్కున విరుగుతుంది. అంచు సన్న ఆకురాయితో సరిచేయండి. కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి, ఆ ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. ఎనిమిది గొట్టాలు ఒకే పొడవు రావాలంటే ఒక చెక్క ముక్కలో కావలసిన లోతు రంధ్రం వేసి, అందులో సూది దించి, పైకి మిగిలింది కోసేయండి. నాలుగు గొట్టాలూ సమాంతరంగా నిలబెట్టడానికి 1 మిల్లీమీటరు షీటులో నాలుగు రంధ్రాలు వేసిన రెండు పలకలు చేసి, ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో తొడగండి. జిగురు ఆరాక చివరి పలక తీసేయండి.

పక్క గోడలు

బాడీ పైభాగం, కిందిభాగం మధ్య చుట్టూ ఉండే గోడ మొత్తం గొట్టాలతో, పెట్టెలతో నిండి ఉంటుంది. పని మొత్తంలో ఎక్కువ కాలం పట్టేది ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైందీ ఇదే. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది కానీ అలా ఎలా పడితే అలా నింపితే వెంటనే అబద్ధంలా కనిపిస్తుంది. మోడల్ షాపువాళ్ల చేతిలో ఒక పద్ధతి ఉంది: పెద్ద ఆకారం ఒకటి, దాని పక్కన మధ్యరకంవి రెండు మూడు, వాటి మధ్య సందుల్లో సన్నవి, ఆ తర్వాత కొంత ఖాళీ. ఆ ఖాళీ కూడా కొలతే, దాన్ని కూడా నకలు తీయాలి.

గోడని నేను చిన్న చిన్న భాగాలుగా, ఒక్కోటి 4 సెంటీమీటర్లు ఉండేలా, విడిగా 0.5 షీటు మీద కట్టాను. బాడీకి నేరుగా అతికిస్తూ పోతే ఒక చోట తప్పు జరిగినప్పుడు మొత్తం తీయాలి. విడి భాగమైతే అది పక్కన పడేసి మళ్లీ చేసుకోవచ్చు. వరుస ఎప్పుడూ లోపలి నుంచి బయటికి: ముందు వెనక పలక, తర్వాత దాని మీద లోతులో ఉండే ముక్కలు, తర్వాత అడ్డంగా పోయే గొట్టాలు, చివరికి గొట్టాల మీద ఉండే బిగింపులు.

చిన్న పెట్టెలకి షీటు పొరలు పొరలుగా అతికించి ఒక దిమ్మ చేసి, ఆరాక కోసి, సాన పట్టండి. కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి, లేదంటే లోపలి జిగురు ఆరుతూ వారం తర్వాత పక్కలు కుంగుతాయి. ఫిన్నులుండే భాగాలు, అంటే ఇంజన్ రెక్కల్లాంటివి, 0.25, 0.5 షీటు ముక్కలు మార్చి మార్చి పెట్టి, వెడల్పు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా అతికిస్తే వస్తాయి. ఆరు పలకల బోల్టు తలలకి, ఆరు పలకల రాడ్ దొరికితే బ్లేడుతో సన్న బిళ్లలు కోయడమే. మోడల్ కిట్లలో భాగాలు అంటుకుని ఉండే ఫ్రేము పుల్లని కొవ్వొత్తి మంట పైన తిప్పుతూ, మెరుపు రాగానే మంట నుంచి తీసి రెండు వైపులా లాగండి. ఎంత వేగంగా లాగితే అంత సన్నగా వస్తుంది. వెంట్రుకంత తీగలు అలాగే చేస్తాం.

వంపు తిరిగే గొట్టాలకి సోల్డరు తీగ మంచిది, వంచిన చోటే ఉంటుంది. రాగి తీగ కొంచెం వెనక్కి వస్తుంది, కాబట్టి కావలసిన దానికంటే కాస్త ఎక్కువ వంచండి. ఒకే వంపు పది సార్లు కావాలంటే చెక్కలో రెండు మేకులు కొట్టి వాటి చుట్టూ వంచండి.

మందం గురించి ఒక మాట. సగం సైజులో అన్నీ సగం చేస్తాం కానీ షీటు మందం మర్చిపోతాం. అసలు మోడల్ మీద 0.5 మిల్లీమీటరు పలక అతికించి ఉంటే మనది 0.25 ఉండాలి. ఫాల్కన్ పైభాగం అంతా ఇలాంటి పలకలతో పరిచి ఉంటుంది కాబట్టి ఇక్కడ మందం ఎక్కువైతే బొమ్మ మొత్తం చిన్నపిల్లల ఆటవస్తువులా లావుగా తయారవుతుంది. 0.25 కంటే సన్నం కావాల్సిన చోట పలక అంచుల్ని మాత్రం కింది నుంచి ఏటవాలుగా అరగదీయండి, కంటికి అంచే మందం చెబుతుంది.

డిష్

పైన ఎడమవైపు ఉండే గుండ్రటి డిష్. దీనికి గుంట గరిటె చాలు. అడుగు వంపు మీ డిష్ వంపుకి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి, మొత్తం గరిటె వంపు అక్కర్లేదు, మధ్యభాగం కలిస్తే చాలు. ప్లైవుడ్ ముక్కలో గరిటె కంటే రెండు మిల్లీమీటర్లు పెద్ద రంధ్రం కోసి, దాని మీద 0.5 షీటుని నాలుగు వైపులా పిన్నులతో బిగించండి. హీట్ గన్‌తో సమంగా వేడి చేస్తే ముందు ముడుచుకుని, తర్వాత బిగుసుకుని, ఆ తర్వాత కిందికి జారడం మొదలవుతుంది. జారగానే గరిటె అడుగుతో ఒక్కసారి నెమ్మదిగా నొక్కి, అలాగే అర నిమిషం పట్టుకోండి. మొదటి రెండు మూడు చిరుగుతాయి, షీటు ఎక్కువే పెట్టుకోండి. వచ్చాక డివైడరుతో వృత్తం గీసి, ఆ గీత మీద పదే పదే తిప్పుతూ కోయండి.

ఒకేలాంటివి చాలా కావాలంటే

ఒకే ముక్క పది ఇరవై సార్లు కావాల్సి వస్తే, ఒకటి బాగా చేసి సిలికాన్ అచ్చు తీసి రెజిన్ పోయడం నయం. రెండు పాళ్లు కలిపితే మామూలు గది వేడికే గట్టిపడే ఆర్‌టీవీ సిలికాన్, కొవ్వొత్తులు, బొమ్మలు పోసేవాళ్లకి సామాను అమ్మే చోట దొరుకుతుంది. మాస్టర్ ముక్కని చిన్న ప్లాస్టిక్ పెట్టె అడుగున అతికించి, సిలికాన్‌ని ఎత్తు నుంచి సన్న ధారగా ఒక మూలలో పోయండి, దానంతట అదే పాకి ముక్కని కప్పుతుంది, గాలి బుడగలు చాలావరకు ధారలోనే పగిలిపోతాయి. ఒక రోజు కదపకండి.

రెజిన్ విషయంలో వానాకాలం గుర్తుపెట్టుకోండి. పాలీయురేథేన్ రెజిన్‌కి తేమ పడదు, నీటి ఆవిరి తగిలితే లోపల బుడగలు పుడతాయి. జూలైలో, నెల క్రితం మూత తీసిన సీసాతో నేను పోసిన పద్దెనిమిది ముక్కలూ స్పాంజిలా పొంగాయి. ఆ నెలల్లో ఎపాక్సీ రెజిన్ వాడండి, గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది కానీ తేమకి అంత బెదరదు. త్రీడీ ప్రింటింగ్ ఉన్నవాళ్లు అదీ వాడొచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే గుండ్రటి సన్న గొట్టాలకి, పదునైన అంచులుండే పలకలకి సూది, షీటు ఇచ్చేంత శుభ్రత ఇంట్లో ఉండే ప్రింటర్ నుంచి నాకు ఇంతవరకు రాలేదు.

అతికించే ముందు

ఒక్కో భాగం పూర్తయ్యాక బూడిద రంగు ప్రైమర్ పల్చగా కొట్టండి. తెలుపు, నలుపు, లోహం, రాగి అన్నీ కలిసి ఉన్నప్పుడు కన్ను మోసపోతుంది. ఒకే రంగులోకి రాగానే జిగురు మరకలు, సందులు, వంకరలు అన్నీ బయటపడతాయి. కార్ల పెయింటు షాపులో దొరికే స్ప్రే ప్రైమర్ చవకే, కానీ కొన్ని స్టైరీన్‌ని తినేస్తాయి, తుక్కు ముక్క మీద ముందు కొట్టి చూడండి. దూరం నుంచి, రెండు మూడు పల్చటి పూతలు. ఒకేసారి మందంగా కొడితే మీరు వారాలు పెట్టి చేసిన 0.3 మిల్లీమీటరు గాడులు పూడిపోతాయి.

తర్వాత ఆ భాగాన్ని బ్లూటాక్ లాంటి బంకతో బాడీ మీద తాత్కాలికంగా నిలబెట్టండి. మీ దగ్గరున్న ఫొటో ఏ కోణం నుంచి, ఎటు వెలుగుతో తీసి ఉందో దాదాపు అలాగే ఫోన్‌తో ఫొటో తీయండి. దగ్గరికి వెళ్లి తీయకండి, దూరంగా నిలబడి జూమ్ చేయండి, లేకపోతే ముందు భాగాలు ఉబ్బి కనిపిస్తాయి. ఆ ఫొటోని కంప్యూటర్‌లో అసలు ఫొటో మీద పెట్టి, పైదాని పారదర్శకత సగానికి తగ్గించి చూడండి. తేడా ఉన్న ముక్క రెండు అంచులతో, రెండు నీడలతో కనిపిస్తుంది. నీడల్ని ముఖ్యంగా చూడండి, ఎత్తు తప్పితే పైనుంచి తెలియదు, నీడ పొడవులో తెలుస్తుంది. తప్పున్న వాటికి నోటుబుక్కులో ఆ నంబరు పక్కన గుర్తు పెట్టి, ముక్క పీకి, మళ్లీ చేయండి. అన్ని గుర్తులూ కొట్టేశాకే సిమెంటు సీసా మూత తీయండి.